మాడ్యూల్ కొన్నాం కదా, మళ్లీ పేటెంట్ డబ్బులేమిటి?

చర్లపల్లిలో మాది పద్నాలుగు మంది పనిచేసే చిన్న యూనిట్. బోరు మోటార్లకు పెట్టే మొబైల్ స్టార్టర్లు చేస్తాం. వాటిని ఫోన్ నెట్‌వర్కుకు కలిపే రెడీమేడ్ ముక్కను, అంటే మాడ్యూల్‌ను, బయట కొంటాం. రైతు మంచం మీద నుంచి లేవకుండా ఒక మిస్డ్ కాల్ ఇస్తే మోటారు ఆన్ అవుతుంది. వెంటనే తిరిగి ఫోన్ చేసి "మోటారు ఆన్ అయింది, మూడు ఫేజులూ ఉన్నాయి" అని తెలుగులో చెబుతుంది. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని పురుగూ పుట్రా మధ్య గట్ల మీద నడిచే బాధ ఉండదు. యూనిట్ మా బాబాయిది. కొనుగోళ్లు, బిల్లులు, కాగితాలు నావి.

ఒకరోజు ఢిల్లీలోని ఒక లా ఫర్మ్ నుంచి కొరియర్ కవరు వచ్చింది. మొత్తం పదకొండు పేజీలు. మొదటి రెండు ఉత్తరం, మిగతా తొమ్మిదీ నంబర్ల పట్టిక. మీ 4జీ పరికరాలు మా క్లయింటు పేటెంట్లను వాడుతున్నాయి, లైసెన్స్ గురించి మాట్లాడుకుందాం, ఇప్పటిదాకా అమ్మిన పీసుల లెక్క పంపండి అని సారాంశం. బాబాయి కళ్లజోడు పైకి జరిపి చూసి, "లాటరీ తగిలిందని మెయిళ్లు వస్తాయి చూడు, అలాంటిదే. పక్కన పడెయ్ తల్లీ" అన్నాడు. పడేశాను కూడా. రెండో ఉత్తరం వచ్చేదాకా, అంటే రెండు నెలలు, అది స్టాక్ రిజిస్టర్ కింద ఉంది. ఆ రెండు నెలలకు మేం ఎంత సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చిందో తర్వాత రాస్తాను.

సిమ్ పడే వస్తువు ఏది చేస్తున్నా, అంటే వాహనాల ట్రాకరైనా, స్మార్ట్ మీటరైనా, కార్డు గీకే మెషీనైనా, మీకూ ఇలాంటి కవరు ఏదో ఒకరోజు వస్తుంది. నేను లాయర్ని కాను. ఏడాదిపైన ఈ గొడవలో తిరిగి నేర్చుకున్నది రాస్తున్నాను, అంతే. సంతకాలు పెట్టే ముందు తెలిసినవాళ్లకు చూపించుకోండి.

అసలు ఇదెక్కడి అప్పు?

2జీ మాడ్యూళ్లతో చేసినన్నాళ్లూ మమ్మల్ని అడిగినవాడు లేడు. జీఎస్ఎం సేవలు మొదలైంది 1991లో. పేటెంటు ఆయుష్షు దరఖాస్తు చేసిన తేదీ నుంచి 20 ఏళ్లు. కాబట్టి ఆ తొలినాటి పేటెంట్లు ఎప్పుడో కాలం చేశాయి. కానీ జియోకు అసలు 2జీ నెట్‌వర్కే లేదు. "మా ఇంట్లో అన్నీ జియో సిమ్ములే, మీ డబ్బాలో పనిచేయట్లేదు" అని రాణీగంజ్ డీలర్ల దగ్గర రైతులు గొడవపెడుతుంటే 2021లో 4జీ క్యాట్-1 బిస్ (4జీలో తక్కువ వేగం రకం) మాడ్యూల్‌కు మారాం. 4జీకి సాంకేతిక పేరు ఎల్‌టీఈ. దాని మొదటి స్టాండర్డ్, అంటే అన్ని పరికరాలూ పాటించే సాంకేతిక నియమావళి, రిలీజ్ 8 అనే విడతగా ఖరారైంది 2008 చివర్లో. దాని పునాదిలో ఉన్న పేటెంట్లు చాలావరకు దానికి రెండు మూడేళ్లు ముందూ వెనకా వేసినవి. వాటి ఆయుష్షు 2025 నుంచి 2031 మధ్య తీరుతుంది. తర్వాతి రిలీజుల్లో చేరినవి ఇంకా ముందుకెళ్తాయి. అంటే 4జీకి మారిన రోజే మేం బతికి ఉన్న పేటెంట్ల మధ్యకు వచ్చాం. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

బాబాయికి ఇది అర్థం కావడానికి పొలం లెక్కలో చెప్పాను. ఊరి పొలాలన్నిటికీ వెళ్లే బండి బాట ఒకటే. అది యాభై మంది పట్టాల మీదుగా పోతుంది. బాట వేసే ముందు పంచాయతీ అందర్నీ కూర్చోబెట్టి, "మా పొలంలోంచి పోతే ఎవర్నీ ఆపం, సబబైన కూలి మాత్రం తీసుకుంటాం" అని కాగితం రాయించుకుంది. ఇక్కడ పంచాయతీ అంటే త్రీజీపీపీ, మొబైల్ స్టాండర్డ్‌లు రాసే అంతర్జాతీయ కూటమి. 1998లో మొదలైంది, ఇప్పుడు ఏడు టెలికాం స్టాండర్డ్‌ల సంస్థలు కలిసి నడుపుతున్నాయి. మన దేశం తరఫున టీఎస్‌డీఎస్‌ఐ, యూరప్ తరఫున ఎట్సీ అందులో ఉన్నాయి. స్టాండర్డ్ పాటిస్తే తొక్కక తప్పని పేటెంటును స్టాండర్డ్ ఎసెన్షియల్ పేటెంట్ అంటారు. ఈ పనిలో ఉన్నవాళ్లు ఎస్ఈపీ అంటారు. ఎట్సీ నియమాల్లో 6.1 క్లాజు కింద వాటి యజమానులు ఇచ్చే మాట పేరు ఫ్రాండ్. న్యాయంగా, సబబుగా, వివక్ష లేకుండా లైసెన్స్ ఇస్తామని. సబబు అంటే ఎన్ని రూపాయలో మాత్రం అందులో రాయలేదు. ఢిల్లీలో నడిచే కేసుల్లో చాలా గొడవ ఆ రాయని అంకె మీదే.

మాలాగే చాలామంది పడే భ్రమ ఇంకొకటి ఉంది. డబ్ల్యూపీసీ (కేంద్రం వైర్‌లెస్ విభాగం) నుంచి ఈటీఏ (పరికరానికి ఆమోదం) తెచ్చుకున్నాం, టీఈసీ (కేంద్రం టెలికాం ఇంజినీరింగ్ సంస్థ) టెస్టింగ్ అయింది, ఇంకెవడేం అడుగుతాడు అని. ఆ సర్టిఫికెట్లు మీ పరికరం నిబంధనల ప్రకారం ఉందని చెబుతాయి. పేటెంటుతో వాటికి సంబంధం లేదు. నిజానికి అవి మీకే ఎదురు తిరుగుతాయి కూడా. మీ డబ్బా స్టాండర్డ్ పాటిస్తోందని మీరే సంతకం పెట్టి ఇచ్చినట్టు కదా! పేటెంటు స్టాండర్డ్‌కు సరిపోతుంది, పరికరం స్టాండర్డ్‌కు సరిపోతుంది, కాబట్టి పరికరం పేటెంటును వాడుతోంది అనే లెక్కను ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ పేటెంటుదారు ఎరిక్సన్‌కూ ఫోన్ల కంపెనీ ఇంటెక్స్‌కూ మధ్య నడిచిన కేసులో 2023 మార్చిలో ఒప్పుకుంది.

కవరు వచ్చిన రోజు

మొదట కవరు మీద అందిన తేదీ వేయండి. కవరు పారేయొద్దు. పేటెంటు ఉందని తెలియదనీ, తెలుసుకునే అవకాశం కూడా లేదనీ నిరూపించగలిగినవాడి నుంచి నష్టపరిహారం వసూలు చేయకూడదని పేటెంట్ చట్టం సెక్షన్ 111 చెబుతుంది. ఉత్తరం అందాక ఆ మాట చెల్లదు. కాబట్టి ముందు అమ్మిన పీసులు వేరు, తర్వాత అమ్మినవి వేరు. ఆ తేదీ దగ్గర సేల్స్ రిజిస్టర్లో గీత గీసి పెట్టుకోండి.

రెండోది, ఫోన్ చేయకండి. మా పక్క యూనిట్ ఆయన ఉత్తరం చూసి టెన్షన్ పడి, ఆ నంబరుకు ఫోన్ చేసి, "అవునండీ, వాడుతున్నాం, చిన్నవాళ్లం, ఎంతో కొంత చూసి చెప్పండి" అన్నాడు. వాడుతున్నామని ఒప్పేసుకున్నాడు. వాట్సాప్‌లో కూడా ఏమీ రాయొద్దు.

మూడోది, జవాబు. మూడు నాలుగు వారాలు దాటనివ్వకండి. మేం చివరికి పంపిన జవాబులో పనికొచ్చే ముక్క ఇంతే: "మీ ఉత్తరం ఫలానా తేదీన అందింది, పరిశీలిస్తున్నాం. మీ పేటెంట్లు మా ఉత్పత్తికి వర్తిస్తాయని ఈ జవాబుతో మేం ఒప్పుకున్నట్టు కాదు. చెల్లుబాటులో ఉండి, నిజంగా వర్తించే భారతీయ పేటెంట్లు ఉంటే ఫ్రాండ్ షరతుల మీద లైసెన్స్ తీసుకోవడానికి సిద్ధం. దయచేసి భారతీయ పేటెంట్ నంబర్లు, అవి స్టాండర్డ్‌లో ఏ రిలీజ్, ఏ సెక్షన్‌కు వర్తిస్తాయో, క్లెయిమ్ చార్టులు పంపండి."

(క్లెయిమ్ చార్టు అంటే ఏమిటో కింద చెబుతాను.) ఇందులో ఒప్పుకోలు లేదు, మొండితనమూ లేదు. ఎవరు నిజాయితీగా మాట్లాడటానికి వచ్చారు, ఎవరు సాగదీశారు అన్నదే కోర్టులు చూస్తున్నాయి. 2015లో హువావే, జడ్‌టీఈ కేసులో యూరప్ కోర్టు ఈ వరసను రాసిపెట్టింది. ముందు పేటెంటుదారు నోటీసు, తర్వాత తీసుకునేవాడి సంసిద్ధత, ఆపైన రాతపూర్వక ఆఫరు, నచ్చకపోతే కౌంటర్ ఆఫరు, అదీ కుదరకపోతే సెక్యూరిటీ, అంటే డిపాజిటో గ్యారంటీయో. మన కోర్టుల వాదనల్లోనూ ఆ వరస వినిపిస్తూనే ఉంటుంది. మా రెండు నెలల మౌనాన్ని అవతలివాళ్లు తర్వాతి ప్రతి మీటింగులోనూ ఎత్తారు. కాఫీ తాగినంత మామూలుగా ఎత్తేవారు. వినడానికి మాత్రం మాకు చేదుగా ఉండేది.

బెదిరింపు ఉత్తరాలకు సెక్షన్ 106 మందు అని కొందరు చెబుతారు. నిరాధారంగా బెదిరిస్తే మనమే కోర్టుకెళ్లొచ్చన్నది నిజమే. అయితే పేటెంటు ఉందని తెలియజేయడం మాత్రమే బెదిరింపు కిందికి రాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. ఈ ఉత్తరాలు రాసేవాళ్లు అది చదివే రాస్తారు.

64 నంబర్లను 4 చేసిన కథ

ఇదే అసలు పని. ఇందులో లాయరు కంటే మీరే ఎక్కువ చేయగలరు.

మా పట్టికలో 64 వరసలు ఉన్నాయి. చూస్తేనే గుండె జారింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ షట్టర్ సగం దించి, ఫ్లాస్కులో టీ పెట్టుకుని కూర్చున్నాను. నంబరు ముందున్న రెండక్షరాలు ఏ దేశమో చెబుతాయి. అమెరికావి, యూరప్‌వి, చైనావి పక్కన పెట్టాను. పేటెంటు హక్కు దేశం గీత దాటదు. మేం ఇక్కడే చేసి, ఇక్కడే అమ్ముతాం. మిగిలినవి తొమ్మిది భారతీయ పేటెంట్లు. (ఎగుమతి చేసేవాళ్లు ఆ దేశపు వరసలను మాత్రం వదలొద్దు. విదేశీ నంబరు ఇచ్చి భారతీయ నంబరు ఇవ్వకపోతే ఎస్పాస్‌నెట్‌లో (యూరప్ పేటెంట్ ఆఫీసు సెర్చ్ సైటు) కొట్టి, ఆ కుటుంబంలో, అంటే అదే ఆవిష్కరణకు వేర్వేరు దేశాల్లో వేసినవాటిలో, మన దేశపు దరఖాస్తు ఉందేమో చూడండి. అది ఉచితం.)

తొమ్మిదింటినీ భారత పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్లోని ఇన్‌పాస్ సెర్చ్‌లో ఒక్కొక్కటిగా కొట్టాను. అక్కడ ఈ-రిజిస్టర్ అని ఒక పేజీ ఉంటుంది. పేటెంటు బతికుందా, ఎప్పటిదాకా ఫీజు కట్టారు, ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది అన్నవి అందులో కనిపిస్తాయి. పేటెంటు నిలవాలంటే మూడో ఏడు నుంచి ఏటా రెన్యువల్ ఫీజు కట్టాలి. మా తొమ్మిదిలో రెండు ఫీజు కట్టక ఆగిపోయాయి! అంత పెద్ద సంస్థ, అంత మంది లాయర్లు, ఆగిపోయిన పేటెంట్లను పట్టికలో పెట్టి పంపారు. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. అయితే తొందరపడొద్దు. ఆగిపోయిన పేటెంటును 18 నెలల్లోపు పునరుద్ధరించుకునే వీలుంది. ఆ గడువు దాటిందో లేదో చూసుకున్నాకే కొట్టేయండి. పేరు కూడా చూడండి. ఉత్తరం రాసినవాడు ఒకడు, రిజిస్టర్లో యజమాని ఇంకొకడు అయితే, మీకు హక్కు ఎలా వచ్చిందో చూపించమని అడగండి. ఈ పేటెంట్లు చేతులు మారుతూనే ఉంటాయి.

మిగిలిన ఏడింటి క్లెయిములు చదివాను. పేటెంటు అంటే నలభై పేజీల వర్ణన కాదు, చివర ఉండే క్లెయిములు. ముందు ఒకటో నంబరు క్లెయిము చదవండి, తర్వాత అందులో స్వతంత్రంగా నిలబడే మిగతా క్లెయిములు కూడా. ఒకదాంట్లో స్వతంత్ర క్లెయిములన్నీ "ఒక బేస్ స్టేషన్" అనే మొదలయ్యాయి. మేం చేసేది స్టార్టర్ డబ్బా, సెల్ టవర్ కాదు కదా. అది తీసేశాను. ఇంకో రెండింటికి మా ఇంజినీరు సాయం కావాల్సి వచ్చింది. ఒకటి క్యారియర్ అగ్రిగేషన్, అంటే ఒకటికి మించి ఫ్రీక్వెన్సీ పట్టీలను కలిపి వేగం పెంచే పద్ధతి, ఇంకోటి రెండు యాంటెన్నాలతో డేటా అందుకునే పద్ధతి. మాది క్యాట్-1 బిస్ మాడ్యూల్. దానికి ఒకే యాంటెన్నా ఉంటుంది, డౌన్‌లోడ్ గరిష్ఠంగా 10 ఎంబీపీఎస్, క్యారియర్ అగ్రిగేషన్ ఊసే లేదు. మా పరికరం చేయని పనికి మేమెందుకు కట్టాలి? ఈ మాట పట్టుకోవడం ముఖ్యం. లైసెన్స్ అడిగేవాళ్ల మనసులో ఉండేది స్మార్ట్‌ఫోన్. మన డబ్బా అందులో పదో వంతు పని కూడా చేయదు.

మిగిలింది నాలుగు. వాటికి క్లెయిమ్ చార్టులు అడిగాం. ఎడమవైపు క్లెయిములోని ఒక్కో ముక్క, కుడివైపు స్టాండర్డ్‌లో దానికి సరిపోయే పేరా ఉండే పట్టిక అది. స్టాండర్డ్ పత్రాలు త్రీజీపీపీ సైట్లో ఉచితంగా దొరుకుతాయి. 36.211, 36.212, 36.213 ఫిజికల్ లేయర్‌వి (రేడియో సిగ్నల్ స్థాయివి), 36.331 కనెక్షన్ నియంత్రణది. వాళ్లు రాసిన పేరా నిజంగా ఆ రిలీజులో ఉందా, అది తప్పనిసరా లేక ఐచ్ఛికమా, మన మాడ్యూల్ ఏ రిలీజుకు చేసింది అన్నవి సరిచూడాలి. ఇక్కడ హిమాయత్‌నగర్‌లోని ఒక పేటెంట్ ఏజెంట్ సాయం తీసుకున్నాం. పేటెంట్ ఏజెంటుగా ప్రాక్టీసు చేయాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడిగి చూసుకోండి. ఆయన ఫీజుకు బాబాయి ముఖం ముడుచుకున్నాడు గానీ, వరసలు తగ్గుతున్నకొద్దీ ముడతలూ తగ్గాయి.

"ఎట్సీ డేటాబేసులో మా పేటెంట్లు డిక్లేర్ చేసి ఉన్నాయి" అని అవతలివాళ్లు అంటారు. ఉండొచ్చు. అది యజమాని తనంతట తాను రాసుకున్న ప్రకటన. నిజంగా తప్పనిసరి పేటెంటేనా అని ఎట్సీ పరీక్షించదు. ఆ డేటాబేసుతో మనకున్న లాభం వేరే. డిక్లేర్ చేసినవాడు ఫ్రాండ్ మాట కూడా ఇచ్చి ఉంటాడు. ఆ ప్రకటనను ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి.

మాడ్యూల్ అమ్మినవాడి కాగితం

అసలు ఈ పని ఉత్తరం రాకముందే, కొనేటప్పుడే చేయాల్సింది. కొనుగోళ్లు చూసేది నేనే కాబట్టి ఈ తప్పు నాది.

మొదటి ఆర్డరప్పుడు మాడ్యూల్ సప్లయర్ సేల్స్ కుర్రాడిని ఫోన్లో అడిగాను. "అన్నీ ఇంక్లూడెడ్ మేడమ్" అన్నాడు. ఉత్తరం వచ్చాక వాళ్ల టర్మ్స్ తీసి చూశాను. ఇన్‌వాయిస్ వెనక, నెరిసిన అక్షరాల్లో, 14వ క్లాజు: సెల్యులార్ స్టాండర్డ్‌లకు సంబంధించి మూడో పక్షం పేటెంట్ల లైసెన్సులు, రాయల్టీలు పూర్తిగా కొనుగోలుదారు బాధ్యత. దాని కింద ఇంకో వాక్యం: ఏ సందర్భంలోనైనా మా బాధ్యత ఆ ఇన్‌వాయిస్ విలువకు మించదు. నెలనెలా ఆ కాగితాలను నేనే పంచ్ చేసి ఫైలు చేశాను, ఒక్కసారి తిప్పి చూడలేదు.

చట్టంలో మనకు పనికొచ్చేది సెక్షన్ 107ఎ(బి). పేటెంటు వస్తువును తయారుచేసి అమ్మడానికి చట్టప్రకారం అధికారం ఉన్నవాడి దగ్గర్నుంచి దిగుమతి చేసుకుంటే అది ఉల్లంఘన కాదు. అంటే మాడ్యూల్ లేదా చిప్ చేసినవాడికి ఆ పేటెంటుదారు దగ్గర లైసెన్స్ ఉంటే, ఒకసారి ముట్టిన సొమ్మును మన దగ్గర మళ్లీ అడగడానికి వీల్లేదని వాదించవచ్చు. ఇక్కడే మెలిక. చాలామంది పేటెంటుదారులు చిప్పుకు లైసెన్స్ ఇవ్వరు, చివరి వస్తువు చేసేవాడికే ఇస్తారు. వరసలో చివర నిలబడ్డది మనమే. క్వాల్‌కామ్ లాంటి కంపెనీ చిప్పుల అమ్మకాన్నీ పేటెంట్ లైసెన్సింగునూ రెండు వేర్వేరు వ్యాపారాలుగా నడుపుతుంది. కాబట్టి "చిప్ ఫలానా పెద్ద కంపెనీది" అన్నంత మాత్రాన సరిపోదు.

సప్లయర్‌ను మెయిల్లో అడగాల్సింది ఇది: మీకు ఎవరెవరి 4జీ ఎస్ఈపీ లైసెన్సులు ఉన్నాయి? అవి మీ మాడ్యూల్ కొనేవాళ్లకు, భారతదేశంలో అమ్మే చివరి వస్తువుకు వర్తిస్తాయా? ఎవరైనా మా మీదికి వస్తే మీరు నిలబడతారా, ఎంత మొత్తం దాకా? పేర్లు చెప్పలేం, రహస్యం అంటారు. ఫలానా పేటెంటుదారు లైసెన్స్ ఉందా లేదా అన్నదానికైనా జవాబు ఇవ్వమనండి. మేం తర్వాత మారిన సప్లయర్ మాడ్యూలుకు పద్దెనిమిది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఇండెమ్నిటీ (మా మీదికి వచ్చే నష్టాన్ని తాను భరిస్తానన్న హామీ) పరిమితిని ఏడాది కొనుగోళ్ల విలువ దాకా పెంచాడు. ఆ పద్దెనిమిది రూపాయలకు బాబాయి ఇప్పటికీ గొణుగుతాడు.

బిల్లుల సంగతి కూడా చెప్పాలి. 2021లో చిప్పుల కొరత వచ్చినప్పుడు, సీజన్ పోతుందని కోఠి గుజరాతీ గల్లీలో మూడొందల మాడ్యూళ్లు నగదు ఇచ్చి, కచ్చా బిల్లు మీద తెచ్చాం. అవి ఎక్కడినుంచి వచ్చాయో చూపించలేం. లైసెన్స్ ఉన్నవాడి సరుకైనా సరే, ఆ గొలుసు మా చేతిలో లేదు కాబట్టి మాకు ఆ రక్షణా లేదు. ఆ మూడొందలనూ ఏ వాదనా లేకుండా లెక్కలో వేసుకోవాల్సి వచ్చింది.

రేటు దగ్గర

మేం ఎంతకు కుదుర్చుకున్నామో రాయలేను, ఎన్‌డీఏ ఉంది, అంటే రహస్యం బయటపెట్టమన్న ఒప్పందం. క్లెయిమ్ చార్టులు కూడా ఎన్‌డీఏ మీద సంతకం పెట్టాకే ఇస్తారు. బయటికి తెలిసిన అంకెలు మాత్రం చెబుతాను. మీ బేరానికి అవే కొలబద్ద.

మాలాంటి పరికరాలకు అన్నిటికంటే పనికొచ్చేది హువావే 2023లో ప్రకటించిన ఐఓటీ (నెట్‌వర్కుకు కలిసే వస్తువుల) రేటు. కనెక్టివిటీయే ప్రధానమైన ఐఓటీ పరికరాలకు నికర అమ్మకం ధరలో 1 శాతం, పీసుకు 75 సెంట్లు మించకుండా. నోకియా 5జీ ఫోనుకు గరిష్ఠంగా 3 యూరోలని 2018లోనే చెప్పింది. ఎరిక్సన్ 5జీ ఫోన్లకు 5 డాలర్లు, చవక వాటికి 2.50 దాకా అంది. ఇవి ఫోన్ల రేట్లు. వీటిని చూపించి మీ డబ్బాకు అడిగితే ఒప్పుకోవద్దు. పలువురు యజమానులు కలిసి ఒకే కౌంటర్ పెట్టిన పేటెంట్ పూల్స్ కూడా ఉన్నాయి. కార్లకు అవాన్సీ, ఎల్‌టీఈ-ఎం, ఎన్‌బీ-ఐఓటీ అనే తక్కువ డేటా పరికరాలకు సిస్వెల్. పూల్ ఉంటే ఒకే చోట పని అవుతుంది, కానీ అందరు యజమానులూ అందులో ఉండరు. ఎవరు లేరో చూసుకోండి.

శాతం కంటే పెద్ద గొడవ, దేని మీద శాతం అన్నది. మా మొబైల్ స్టార్టర్ ప్యానెల్ ఎక్స్-ఫ్యాక్టరీ 3,200 రూపాయలు. అందులో ఇనుప పెట్టె, కాంటాక్టర్, రిలే, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నాయి. కాంటాక్టర్‌కూ 4జీకీ ఏం సంబంధం? లెక్కకోసం 1 శాతమే అనుకుందాం. ప్యానెల్ మీదైతే పీసుకు 32 రూపాయలు. సిమ్ ఉండే కమ్యూనికేషన్ కార్డును మేం విడిగా ప్యానెల్ బిల్డర్లకు 1,450కి అమ్ముతాం. దాని మీదైతే 14 రూపాయల 50 పైసలు. మాడ్యూల్ ఒక్కటీ 600 అనుకుంటే 6 రూపాయలు. 11,000 పీసులకు ఇది వరసగా 3,52,000, 1,59,500, 66,000. ఒకే శాతం, మూడు అంకెలు. ఫోన్ల కేసుల్లో ఢిల్లీ హైకోర్టు చిప్పు ధర కాకుండా ఫోను అమ్మకం ధరనే పట్టుకుంది. 2014లో మైక్రోమ్యాక్స్ మధ్యంతర ఉత్తర్వులోనూ అంతే, 2024 మార్చిలో లావా తీర్పులోనూ అంతే. అయితే ఫోను మొత్తం ఫోనే, మన ప్యానెల్లో ఫోను భాగం ఒక మూల. అందుకే కార్డుకు విడిగా ఐటెమ్ కోడ్, విడి ధర, నిజంగా అమ్మిన బిల్లులు ముందునుంచీ ఉంటే బేరంలో బలం. గొడవ మొదలయ్యాక పుట్టించిన ధరను ఎవరూ నమ్మరు.

ఇంకోటి. ఈ ఒక్కడికి ఇస్తే అయిపోదు, క్యూలో చాలామంది ఉన్నారు. మేం పీసుకు 40 రూపాయలు రాయల్టీ ప్రొవిజన్ అని పక్కన పెట్టి, ఆ మేరకే డీలర్ ధర వేస్తున్నాం.

కోర్టు దాకా వెళ్తే

వెళ్లకండి అనను, లెక్క చూసుకుని వెళ్లండి. లావా కేసులో ఎరిక్సన్‌కు 244 కోట్లు ఇవ్వమని తీర్పు వచ్చింది, రేటు నికర అమ్మకం ధరలో 1.05 శాతం. అదే తీర్పులో ఎరిక్సన్ ఎనిమిది పేటెంట్లలో ఒకటి కొత్తదనం లేదని రద్దయింది కూడా. అంటే సెక్షన్ 64 కింద చెల్లదని వాదించడం ఊరికే పోదు, కానీ ఒకటి పోయినా మిగతావి నిలబడితే బిల్లు వస్తుంది. విచారణ తేలకముందే డబ్బు డిపాజిట్ చేయించే అవకాశమూ ఉంది. 2023 జులైలో నోకియా కేసులో ఒప్పోను అలాగే కట్టమన్నారు. "మేం చిన్నవాళ్లం, మమ్మల్ని ఎవరు పట్టించుకుంటారు" అనుకునేవాళ్లు ఫిలిప్స్ డీవీడీ కేసు గుర్తుపెట్టుకోవాలి. బయటినుంచి విడిభాగాలు తెచ్చి డీవీడీ ప్లేయర్లు బిగించి అమ్మిన చిన్న సంస్థల మీద 2009లో వేసింది. 2018లో తీర్పు వచ్చింది, పీసుకు ఇన్ని డాలర్లని. కాంపిటీషన్ కమిషన్‌కు వెళ్దామా అంటే, పేటెంట్ లైసెన్సు వ్యవహారాల్లో దానికి అధికారం లేదని ఢిల్లీ హైకోర్టు 2023 జులైలో చెప్పింది.

సంతకానికి ముందు

పేటెంట్ చట్టం సెక్షన్ 140ని ప్రింటు తీసి పక్కన పెట్టుకుని అగ్రిమెంటు చదవండి. పేటెంటు చెల్లుబాటును మీరు సవాలు చేయకూడదన్నా, మీరు చేసిన మెరుగుదలలను తమకు మాత్రమే రాసివ్వాలన్నా, అక్కర్లేని పేటెంట్లను కట్టగట్టి బలవంతంగా అంటగట్టినా ఆ షరతులు చెల్లవని అందులో ఉంది. మా మొదటి డ్రాఫ్టులో ఈ మూడింటిలో రెండు ఉన్నాయి. సెక్షన్ నంబరు చూపించగానే మారుమాట లేకుండా తీసేశారు. అడగనివాళ్లకు అవి అలాగే ఉండిపోతాయి కాబోలు.

పాత అమ్మకాలకు పూర్తి విడుదల, అంటే వాటి మీద ఇక ఏమీ అడగమని, రాయించుకోండి. పేటెంట్లు కాలం తీరేకొద్దీ రేటు తగ్గాలని, యజమాని వాటిని వేరేవాడికి అమ్మినా మీ లైసెన్స్ సాగాలని రాయించండి. ఆడిట్ పేరుతో మీ కస్టమర్ల పేర్లు అడగకుండా, మధ్యవర్తి ఆడిటరుకు అంకెలు మాత్రమే చూపేలా పెట్టండి.

పన్ను దగ్గర మా ఆడిటర్ ఆపకపోతే మునిగేవాళ్లం. విదేశీ కంపెనీకి రాయల్టీ పంపితే టీడీఎస్ కోయాలి. మన చట్టం రేటు 20 శాతం, పైన సర్‌చార్జీ, సెస్సు. పన్ను ఒప్పందం ఉన్న దేశమైతే చాలావాటికి 10 శాతం, దానికి వాళ్ల రెసిడెన్సీ సర్టిఫికెట్ ఉండాలి. డ్రాఫ్టులో "మా చేతికి నికరంగా ఇంత అందాలి" అని ఒక్క వాక్యం ఉంది. అంటే ఆ టీడీఎస్ కూడా మన జేబులోంచే! దాన్ని కొట్టేయించాం. రివర్స్ చార్జ్ కింద 18 శాతం జీఎస్టీ కూడా మనమే కట్టాలి. క్రెడిట్ వెనక్కి వస్తుంది గానీ ఆ నెల నగదు ముందే చూసిపెట్టుకోవాలి.

మన సొంత పేటెంటు

బావిలో నీళ్లయిపోతే కరెంటు తీరును బట్టి పసిగట్టి మోటారు ఆపే ఒక పద్ధతి మా ఇంజినీరు కనిపెట్టాడు. ఎవరికీ తట్టని ఆలోచన. బాబాయి సంబరం ఆపుకోలేక కిసాన్ మేళాలో స్టాలు పెట్టి, బోర్డు తెరిచి, అడిగినవాడికల్లా సర్క్యూట్ వివరించాడు. నేను పేటెంటుకు కాగితాలు సిద్ధం చేసింది ఆ తర్వాత. అలా బయటపెట్టాక కొత్తదనం పోయినట్టే. చట్టంలో ఉన్న మినహాయింపు ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకే. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసి ఉంటే పూర్తి దరఖాస్తుకు 12 నెలలు టైము దొరికేది. ఆన్‌లైన్లో వేస్తే చిన్న సంస్థకు దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలే, పరీక్ష కోరడానికి 4,000. మన తెలంగాణ దరఖాస్తులు చెన్నై ఆఫీసు కిందికి వస్తాయి, అక్కడికి వెళ్లే పని లేదు. స్టాలు అద్దెలో పదో వంతు కూడా కాదు ఆ 1,600.

స్టాండర్డ్‌లోనే మనవాళ్ల పేటెంట్లు ఉంటే కథ ఇంకోలా ఉండేది. కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్ వాళ్లు 5జీ పరిశోధనలో, టీఎస్‌డీఎస్‌ఐ పనిలో ఉన్నారు. మన దేశం రూపొందించిన 5జీ రకం, 5జీఐ ప్రతిపాదన తర్వాత త్రీజీపీపీ రిలీజ్ 17లో కలిసింది. బాట మీద మన పట్టా కూడా కొంచెం పడుతోందన్నమాట.

పోయిన నెల ఇంకో సంస్థ నుంచి మరో కవరు వచ్చింది. బాబాయే సంతకం పెట్టి తీసుకుని, చింపకముందే దాని మీద తేదీ, టైము వేసి, నా టేబుల్ మీద పెట్టి, "ఇందులో ఇండియావి ఎన్ని ఉన్నాయో చూడు తల్లీ" అన్నాడు. పట్టికలో 31 వరసలు. ఇండియావి ఆరు.